రెండు ఊర్ల సంఘాలను పోల్చే ముందు
(మొగుళ్లపల్లి మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం నాయకురాలు చేసిన ప్రసంగం)

 

ఇయ్యాల మన ఎజెండాలో ఒక తీర్మానం ఉన్నది. కిస్తీల వసూలు తక్కువున్న గ్రామ సంఘాలకు వచ్చే ఏడాది సీఐఎఫ్ అప్పు ఆపాలని కొందరు అక్కలు కోరుతున్నరు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. సీఐఎఫ్ అంటే మనందరి పైసలు. ఒక ఊరోళ్లు కట్టకపోతే ఇంకో ఊరికి అప్పు అందదు. కానీ ఆ తీర్మానానికి చెయ్యి ఎత్తే ముందు ఒక్క విషయం ఆలోచించాలె. ఒక ఊరికి అప్పు ఆగిందంటే, ఆ ఊర్లో నెలనెలా టంచనుగా కట్టే ఆడమనిషికి కూడా ఆగినట్టే. ఆమె ఏం చేస్తది? నూటికి మూడు రూపాయల వడ్డీకి, ఐదు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటది. అందుకని "ఆ ఊరు కన్నా ఈ ఊరు మంచిది" అనే మాట అనే ముందు ఆ లెక్క నిలబడుతదా లేదా చూడాలె. నేను చదివింది పదో తరగతే. అయినా ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఎనిమిది చీటీలు చాలు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది ఏ ఊరి లెక్కా కాదు, అర్థం కావడానికి నేను కల్పించింది. రెండు ఊర్లు ఉన్నయి. ఒక్కో ఊర్లో నాలుగు సంఘాలు, ఒక్కో సంఘంలో పది మంది. మొదటి ఊర్లో సమయానికి కిస్తీ కట్టినోళ్లు సంఘాల వారీగా 9, 8, 10, 7. మొత్తం 40 మందిలో 34 మంది, అంటే నూటికి 85. రెండో ఊర్లో 8, 6, 9, 7. మొత్తం 30 మంది, అంటే నూటికి 75. మీటింగుల్లో ఈ రెండు అంకెలు చదివితే ఏమంటం? "పది శాతం తేడా ఉన్నది, రెండో ఊరు వెనకబడ్డది" అంటం. మినిట్స్ పుస్తకంలో కూడా అట్లనే రాస్తం.

ఇప్పుడు ఆ ఎనిమిది అంకెలను ఎనిమిది చీటీల మీద రాయండి. ఊరి పేరు రాయకండి. ఒక గిన్నెలో వేసి కలిపి, నాలుగు ఒక కుప్పగా, నాలుగు ఇంకో కుప్పగా తియ్యండి. రెండు కుప్పల మొత్తాలు చూడండి. మళ్లీ కలపండి, మళ్లీ తియ్యండి. చీటీలకు మంచి ఊరు, చెడ్డ ఊరు అని ఏమీ తెలవదు. అయినా కుప్పల మధ్య తేడా వస్తనే ఉంటది. ఈ ఎనిమిది చీటీలను నాలుగు, నాలుగుగా పంచడానికి మొత్తం 70 దారులున్నయి. అందులో 32 దారుల్లో మనం చూసినంత తేడా, లేదా అంతకన్నా ఎక్కువ తేడా వస్తది. అంటే దగ్గరదగ్గర సగం. ఉత్తగ చీటీలు కలిపితేనే సగం సార్లు వచ్చే తేడాను పట్టుకొని ఒక ఊరి మీద ముద్ర వేస్తమా?

ఇంకోటి చూడండి. అవే ఎనిమిది అంకెలు వేరేగా పడ్డయనుకోండి. మొదటి ఊర్లో 10, 9, 9, 8. రెండో ఊర్లో 8, 7, 7, 6. ఇప్పుడు నూటికి 90, నూటికి 70. ఇంత తేడా చీటీలు కలిపితే 70 దారుల్లో నాలుగింట్లనే వస్తది. అప్పుడు "ఇది ఉత్త చీటీల ఆట కాదు, ఏదో కారణం ఉండొచ్చు" అని అడగడానికి ఆధారం దొరికినట్టు. శాస్త్రజ్ఞులు సాధారణంగా నూటికి ఐదు సార్ల కంటే తక్కువ వచ్చే తేడానే లెక్కలోకి తీసుకుంటరు. 70కి 4 అంటే నూటికి ఐదున్నర దాటింది, అంటే ఇది కూడా ఆ గీత అవతలనే ఆగింది. ఆ గీత మనుషులు పెట్టుకున్న వాడుకే. కానీ అట్లాంటి గీత ఒకటి ముందే పెట్టుకుంటే, కోపం వచ్చినప్పుడు ఒక తీరుగ, మనోళ్లయినప్పుడు ఇంకో తీరుగ మాట్లాడం.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలె. ఒకటి, సంఘాలు ఎన్ని ఎక్కువుంటే లెక్క అంత గట్టిగ నిలబడుతది. సంఘాలు నాలుగింతలైతే సగటులో వచ్చే ఊగులాట సగానికి తగ్గుతది. అందుకే నాలుగు సంఘాలతో తేల్చలేని తేడాను పదహారు సంఘాలతో తేల్చొచ్చు. రెండు, "తేడా ఉన్నదని తేలలేదు" అంటే "తేడా లేదని తేలింది" అని కాదు. లెక్క చాలలేదని మాత్రమే అర్థం. ఇంకా చూడాలె.

"మా ఊర్లో సంఘాలన్నీ లెక్కపెట్టినం, ఇంకేం చూడాలె?" అని ఒక అక్క అడగొచ్చు. సంఘాలన్నీ చూసిన్రు, నిజమే. కానీ ఒక్క నెల చూసిన్రు. ఆ నెలలో ఒక ఇంట్లో చావు, ఒక ఇంట్లో జ్వరాలు, ఒక ఇంట్లో పెండ్లి. వచ్చే నెల అదే ఊరి అంకె మారుతది. సంఘాలను లెక్కపెట్టినట్టే నెలలను కూడా లెక్కపెట్టాలె.

ఇక తేడా నిజంగానే ఉన్నదనుకుందాం. అప్పుడైనా కారణం తెలిసినట్టు కాదు. మన మండలంలో వరి, పత్తి, మిర్చి మూడూ ఉన్నయి. వరి వేసినోళ్లకు ఐకేపీ సెంటర్ల వడ్లు అమ్మినంక ఖాతాల పైసలు పడుతయి. పత్తి వేసినోళ్లకు ఏరుడు మొదలైనంకనే చేతిల పైసలు కనబడుతయి. మిర్చి వేసినోళ్లు కాయ ఎండబెట్టి, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలిందాక ఎదురుచూడాలె. మిర్చి ఎక్కువున్న ఊరిని కాయ ఇంకా చెట్టు మీదున్న నెలలో, వరి ఊరిని వడ్లు అమ్మిన నెలలో చూస్తే తేడా రాకుండా ఎట్లుంటది? ఆ తేడా పంటది, ఆడోళ్ల నీతిది కాదు.

విత్తనం సంగతిలో మనకు ఈ తెలివి ఎప్పటి నుంచో ఉన్నది. ఒకరి చెల్కలో ఒక రకం పత్తి, ఇంకొకరి నల్లరేగడిలో ఇంకో రకం వేసి, ఏది ఎక్కువ క్వింటాళ్లు వచ్చిందో చూసి విత్తనం మంచిదని చెప్తే మనం నమ్మం. నేల వేరు, నీళ్లు వేరు, మందు వేరు అంటం. ఒకే చేన్ల రెండు రకాలు పక్కపక్కన వేసి, ఒకే తీరుగ చూసుకుంటే అప్పుడు నమ్ముతం. పత్తికి చేసే న్యాయం మనుషులకు ఎందుకు చెయ్యొద్దు?

పెద్ద చదువులు చదివినోళ్లు కూడా ఇదే దారిలో పోయిన్రు. మన హైదరాబాద్ బస్తీల్లోనే జరిగిన ఒక పరిశీలన చెప్త. అది మనలాంటి ఆడోళ్ల అప్పుల గురించే. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి చేసిన్రు. బెనర్జీ, డఫ్లోలకు 2019లో ఇంకొకరితో కలిపి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆడోళ్లు గ్రూపులుగా చేరి సూక్ష్మ రుణం తీసుకుంటే ఇల్లు బాగుపడుతదా అనేది వాళ్ల ప్రశ్న.

అప్పు తీసుకున్నోళ్లను, తీసుకోనోళ్లను పక్కపక్కన పెట్టి చూడొచ్చు కదా అనిపిస్తది. కానీ అప్పు తీసుకునేటామె ముందు నుంచే హుషారు మనిషి కావచ్చు, ఇంట్లో ఒక చిన్న కొట్టు ఉండి ఉండొచ్చు. అప్పుడు బాగుపడింది అప్పుతోనా, ఆమె హుషారుతోనా? తెలవదు. అందుకే వాళ్లు 104 బస్తీలు తీసుకున్నరు. ఖర్చులో, అప్పుల్లో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న బస్తీలను జతలు కట్టిన్రు. ఒక్కో జతలో ఏ బస్తీ ముందో లాటరీ తీసినట్టు తేల్చిన్రు. అట్లా వచ్చిన 52 బస్తీల్లో స్పందన అనే రుణ సంస్థ ముందుగా శాఖలు తెరిచింది. మిగిలిన 52 బస్తీల్లో అప్పుడు తెరవలేదు. తర్వాత ఏడాదిన్నర లోపల 6,800కు పైగా ఇండ్లు తిరిగి అడిగిన్రు. అప్పు తీసుకున్నోళ్లను మాత్రమే కాదు, బస్తీలో తీసుకోనోళ్లను కూడా కలిపే లెక్కవేసిన్రు.

ఏం తేలింది? శాఖలు తెరిచిన బస్తీల్లో సూక్ష్మ రుణం ఉన్న ఇండ్లు నూటికి సుమారు 27. తెరవని బస్తీల్లో నూటికి సుమారు 18. అక్కడ తేడా స్పష్టంగ ఉన్నది. ఇంటికి పనికొచ్చే సామాన్ల మీద ఖర్చు పెరిగింది. చాయ్, పొగాకు, గుట్కా, మందు, పండుగ విందుల లాంటి ఖర్చు తగ్గింది. కానీ మనిషికి నెలకు అయ్యే మొత్తం ఖర్చులో, పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడోళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ముందు నుంచి వ్యాపారం ఉన్నోళ్లు పెట్టుబడి పెంచుకున్నరు. లాభం పెరిగింది మాత్రం అప్పటికే బాగా నడిచేటోళ్లకు.

అక్కలారా, ఇందులో మనకు పాఠం ఉన్నది. అప్పు ఇస్తే ఇల్లు బాగుపడుతదని అనేటోళ్లు ఉన్నరు, అప్పు ఇస్తే మునిగిపోతరని అనేటోళ్లు ఉన్నరు. ఆ లెక్క రెండు వర్గాల మాటనూ పూర్తిగ నిలబెట్టలేదు. సగటు ఒక్కటే చూస్తే బాగుపడ్డ ఇల్లు కనబడదు, కష్టపడ్డ ఇల్లు కనబడదు. ఊరి శాతం కూడా ఒక సగటే. దాని వెనక పది సంఘాలు, వంద ఇండ్లు ఉంటయి.

ఇంకొక పెద్దాయన గురించి చెప్పాలె. సి.ఆర్. రావు గారు, తెలుగాయన. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో నలభై ఏండ్లు పనిచేసిండు. 2023లో, 102 ఏండ్ల వయసులో కన్నుమూసిండు. 1946లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి పోయి, సూడాన్ దేశంలో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పాతకాలపు మనుషుల ఎముకల కొలతల మీద పనిచేసిండు. ఆ మనుషులు ఏ జాతులకు దగ్గర, ఏ జాతులకు దూరం అనేది ప్రశ్న. ఒక్క కొలత పట్టుకొని అట్లాంటి సంగతి చెప్పలేరు. చాలా కొలతలు కలిపి చూస్తనే దగ్గర, దూరం తెలుస్తది. మనం కూడా కిస్తీ ఒక్కటే చూడకుండా పొదుపు, మీటింగుల హాజరు, పుస్తకాల రాత, అప్పు దేనికి వాడిన్రు అన్నవి కలిపి చూడాలె.

అందుకని తీర్మానాన్ని ఇట్లా మార్చాలని సభను కోరుతున్న.

ఒకటి. ఏ గ్రామ సంఘం మీద నిర్ణయమైనా ఒక్క నెల అంకెతో తీసుకోవద్దు. కనీసం పన్నెండు నెలల లెక్క చూడాలె.

రెండు. ఒక ఊరిని పక్క ఊరితో పోల్చేటప్పుడు పంట, పైసలు చేతికొచ్చే నెల దగ్గరదగ్గరగా ఉన్న ఊరితోనే పోల్చాలె. దాంతో పాటు ఆ ఊరినే పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలె.

మూడు. మీటింగుల్లో శాతం చదివేటప్పుడు ఎంత మందిలో ఎంత మంది అనేది కూడా చదవాలె. "75 శాతం" అని కాదు, "40 మందిలో 30 మంది" అని.

నాలుగు. తేడా ఉన్నట్టు కనబడితే ముందు సీసీ, కార్యవర్గ సభ్యులు ఇద్దరు ఆ ఊరికి పోయి కారణం అడగాలె. అప్పు ఆపే మాట ఆ తర్వాతనే.

కావాలని ఎగ్గొట్టేటోళ్లను వదిలిపెట్టమని నేను అనడం లేదు. ఆ మనిషి పేరు సంఘానికి తెలుసు, అడగాల్సింది ఆ సంఘంలోనే. ఒక్క మనిషి బాకీకి ఊరి పేరు పెట్టొద్దనే నా మనవి. ఊరికి పోయి వచ్చినంక, మీ వీవో మీటింగులో ఆ ఎనిమిది చీటీల ఆట ఒక్కసారి ఆడి చూడండి. పది నిమిషాలు కూడా పట్టదు.