అట్టపెట్టెలు, కాగితపు ముక్కలు, మన చేతులు
(ఆలయ వార్షికోత్సవ సందర్భమున జరిగిన యువజన సదస్సులో ప్రసంగపాఠం)

ఈ నాలుగు మాటలు ముఖ్యంగా ఇక్కడే పుట్టి, మన ఆదివారపు బడిలో అక్షరాలు దిద్దుకుని, ఈనాడు ఉద్యోగాలలోను సంసారాలలోను కుదురుకున్న మీకోసం ఉద్దేశించినవి.

వైద్యురాలిని పిలిచారు గనుక మధుమేహం గురించో రక్తపోటు గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఎన్నుకున్న విషయం మీ అమ్మగారింటి గరాజు. అందులో మీకు తెలియని వస్తువు లేదు. కడిగి బోర్లించిన పెరుగు డబ్బాలు, నెయ్యి సీసాలు, జిప్పు ఉన్న బియ్యం సంచులు, మిఠాయి పెట్టెలు, ఒకదానిలో ఒకటి దూర్చిన అట్టపెట్టెలు, పదిహేనేళ్ళ నాటి పెళ్ళి శుభలేఖలు. ఫ్రిజ్ తెరచి పెరుగు డబ్బా తీస్తే అందులో గోంగూర పచ్చడి ఉంటుందన్నది మీరందరూ చెప్పుకుని నవ్వుకునే మాటే.

నవ్వండి, తప్పులేదు. కాని ఆ డబ్బా వెనుక ఉన్న జీవనవిధానం ఎటువంటిదో ఒకసారి ఆలకించండి. మీ తల్లిదండ్రులు పెరిగిన ఊళ్ళలో సరుకుతో పాటు పెట్టె వచ్చేది కాదు. పప్పు అయినా, చక్కెర అయినా దుకాణదారు పాత కాగితంలో పొట్లం కట్టి, పైన పురికొస చుట్టి ఇచ్చేవాడు. ఇంటికి రాగానే ఆ పురికొసను విప్పి ఉండగా చుట్టి దాచేవారు. హార్లిక్సు సీసా ఖాళీ అయితే అది కందిపొడికి ఇల్లు. సంవత్సరాంతమున నోటుపుస్తకాలలో మిగిలిన తెల్లకాగితాలను చింపి, దబ్బనంతో కుట్టి, మరుసటి ఏడాదికి లెక్కల రఫ్ పుస్తకం చేసుకునేవారు. పాత క్యాలెండరు పాఠ్యపుస్తకానికి అట్ట అయ్యేది. చిరిగిన చీరలు బొంతలయ్యేవి. ఇక మిగిలిన కాగితం తూకానికి కొనేవాడు వీధిలోకి వచ్చేవాడు. పారవేయడానికి ఇంటిలో దాదాపు ఏమీ మిగిలేది కాదు.

ఆ కాగితంతో స్త్రీలు చేసిన పని ఒకటి నాకు మిక్కిలి ఇష్టమైనది. పాత కాగితాలను చింపి నీళ్ళలో రెండురోజులు నానబెట్టేవారు. వేరొక గిన్నెలో గుప్పెడు మెంతులు నానేవి. రెండూ కలిపి రుబ్బితే జిగటగా ఒక ముద్ద వస్తుంది. దానిని వెదురు చేటలకు, బుట్టలకు పూతగా పూసి ఎండబెట్టేవారు. సందులు మూసుకునిపోయి, బియ్యం చెరిగినప్పుడు గింజ జారదు. చేట ఆయుష్షు కూడా పెరుగుతుంది. గిన్నెను బోర్లించి, దానిపై తడిగుడ్డ పరచి, ఆ గుడ్డపై ఈ ముద్దను అద్ది ఆరబెడితే గిన్నె ఆకారంలోనే తేలికైన బుట్ట తయారవుతుంది. మెంతులలోని జిగురే ఇందులో బంక. కొండపల్లి బొమ్మలవారు కూడా తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులు, తలలు అతకడానికి రంపపుపొట్టును చింతగింజల పిండితో కలిపి మక్కు చేసుకుంటారు. చెక్కగా మిగిలిన పొట్టు తిరిగి బొమ్మలోకే పోతుంది.

మా వృత్తిలోకి కూడా ఒక కాగితం ఇదే తీరున ప్రవేశించింది. 1816లో పారిస్ నగరమున లెన్నెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండెచప్పుడు వినవలసి వచ్చింది. ఆనాటి పద్ధతి ప్రకారం ఛాతీకి చెవి ఆనించి వినడం ఆయనకు ఉచితమనిపించలేదు. అందుబాటులో ఉన్న కాగితాలను గొట్టంగా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీపైన, ఒక కొస తన చెవిపైన పెట్టుకున్నాడు. చెవితో నేరుగా విన్నదానికంటె స్పష్టంగా వినిపించింది. తరువాత దానిని కొయ్యతో చేయించి స్టెతస్కోపు అని పేరు పెట్టాడు. ఇంకొకటి మన కాలపుది. గుండీకి దారం గుచ్చి, రెండు చేతులతో లాగుతూ బుర్రుమని తిప్పే ఆట మీ తాతగారు ఆడే ఉంటారు. ఆ ఆట సూత్రంతోనే స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం రెండు కాగితపు బిళ్ళలు, దారం, చేతిపిడులతో రక్తాన్ని వేరుచేసే యంత్రం చేసి 2017లో ప్రకటించింది. నిమిషానికి లక్షా ఇరవై ఐదువేల చుట్లు తిరుగుతుంది. కరెంటు అక్కరలేదు; ఖరీదు పావు డాలరు కూడా లేదు.

ఇంత చెప్పిన తరువాత ఒక మాట నిక్కచ్చిగా చెప్పవలసి ఉన్నది. పెరుగు డబ్బాకు రంగులద్ది పూలకుండీ చేసినంత మాత్రాన భూగోళం బాగుపడదు. 2018లో అమెరికా గృహాలు, దుకాణాలు, సంస్థల నుండి వెలువడిన చెత్త సుమారు 29 కోట్ల టన్నులు. అందులో 8 కోట్ల టన్నులకు పైగా, అనగా నాలుగోవంతు దాటి, కేవలం పెట్టెలు, సీసాలు, పొట్లాల వంటి ప్యాకింగ్. మన ఆలయపు బల్ల మీద ఎన్ని బుట్టలు చేసినా ఆ లెక్కలో అవి కనబడవు. పైగా శుభ్రమైన అట్టపెట్టెను యథాతథంగా ఇస్తే మళ్ళీ కాగితమవుతుంది. దానికి మెరుపుపొడి, ప్లాస్టిక్ పూసలు, వేడిజిగురు అంటిస్తే ఇక ఎవరికీ పనికిరాదు. చెత్త తగ్గించాలంటే కొనడమే తగ్గించాలి. నేను ఈ పనిని సమర్థించేది వేరొక కారణం చేత.

ఆ కారణం చేతులు. పక్షవాతం వచ్చిన వారికి తిరిగి శక్తి తెప్పించే విభాగంలో నేను పనిచేస్తాను. ఒకావిడ, డెబ్బై దాటినవారు, కుడిచేయి బలహీనపడి మా వద్దకు వచ్చారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు రంగురంగుల ప్లాస్టిక్ మేకులు, పలకలో వాటిని గుచ్చడానికి రంధ్రాలు ఇచ్చింది. ఆవిడ మర్యాదగా పక్కకు జరిపారు. "ఇవి చంటిపిల్లలవమ్మా" అన్నారు నాతో. మర్నాడు కోడలు పాత వార్తాపత్రికలు తెచ్చి, "అత్తయ్యా, గుడిలో కుంకుమ పొట్లాలు కావాలిట, మీరు కడితే ఇస్తాను" అన్నది. మొదటిరోజు మూడు పొట్లాలు, అవి కూడా వంకరవి. నెల తిరిగేసరికి రోజుకు ఇరవై. చేయి పూర్తిగా రాలేదు; జడ తాను వేసుకోలేకపోయారు. కాని చీర కుచ్చిళ్ళు తామే పెట్టుకోగలిగారు. మడవడం, నొక్కడం, చింపడం, ఒక చేత పట్టి మరొక చేత తిప్పడం, ఇవన్నీ మేము చికిత్సగా చేయించేవే. తేడా ఎక్కడ వచ్చిందంటే, మేకులు ఎవరికీ అక్కరలేదు, పొట్లాలు గుడికి కావాలి.

చలికాలంలో ఇండియా నుండి వచ్చిన తాతగారు, అమ్మమ్మగారు ఆరునెలలు కిటికీ దగ్గర కూర్చోవడం మీరెరుగుదురు. బయటికి పోలేరు, కారు నడపలేరు, మనవల ఇంగ్లీషు అందదు. వారికి తెలిసినది, మీకు తెలియనిది, ఒకచోట కూర్చుని చేయదగినది ఏమున్నదని ఆలోచించండి. పొట్లం కట్టడం మీలో ఎందరికి వచ్చు?

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తున్నాను. రాబోయే పది, పదిహేనేళ్ళలో మీలో చాలామంది తల్లిదండ్రుల ఇళ్ళను ఖాళీ చేయవలసి వస్తుంది. వారు చిన్న ఇంటికి మారవచ్చు, మీతో ఉండవచ్చు, లేదా వారే లేకపోవచ్చు. ఆనాడు ఆ గరాజు ముందు నిలబడి ఒక పెద్ద చెత్తపెట్టెను అద్దెకు తెప్పించి, రెండురోజులలో అంతా ఎత్తిపోసిన కుటుంబాలను చూశాను. తల్లి బ్రతికి ఉండగా, ఆమె కళ్ళముందే పోసినవారూ ఉన్నారు. ఆ తరువాత ఆ తల్లి భోజనం మానుకుని మా వద్దకు వస్తే ఏ మాత్ర రాయగలం?

అయితే దాచుకోవడమంతా పొదుపు కాదు. వస్తువులను విడిచిపెట్టలేకపోవడం ఒక వ్యాధిగా కూడా పరిణమించవచ్చు. 2013 నుండి అమెరికన్ మానసికవైద్యుల గ్రంథం దానిని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. డబ్బాలు కడిగి, వరుసగా, వాడుకకు అందేటట్లు ఉంటే అది అలవాటు. వంటపొయ్యి మీద, మంచం మీద, మెట్ల మీద సామాను పేరుకుని ఆ చోటు వాడలేకపోతుంటే, ఒక్క కాగితం తీసినా ఆందోళన కలుగుతుంటే, వైద్యుని సలహా అవసరం. ముందు పొందికగా ఉన్న మనిషి ఇటీవల కొత్తగా ఇలా మారితే మతిమరుపు వ్యాధి కూడా ఉన్నదేమో చూడాలి. అలవాటైనా సరే, నడిచే దారిలో పత్రికల దొంతరలు ఉండరాదు. అరవై ఐదు దాటినవారిలో ప్రతి నలుగురిలో ఒకరు ఏటా ఒకసారైనా పడుతున్నారు. తుంటి విరిగిన తరువాత ఆ ఇంటి కథ మారిపోతుంది.

అందుచేత మీకు నా సలహా ఏమంటే, వారు ఓపికగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. "పారేద్దామా" అని అడగవద్దు. ఒక్క పెట్టె తెచ్చి ముందు పెట్టి, "దీనితో ఏం చేద్దాం" అని అడగండి. చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువుకు ఒక ఊరు, ఒక పెళ్ళి, ఒక మనిషి బయటికి వస్తారు. వినండి. విన్న తరువాత సగం వస్తువులను వారే పక్కన పెట్టి తీసుకుపొమ్మంటారు; ఇది నేను పలు ఇళ్ళలో చూచినది.

వైద్యురాలిగా జాగ్రత్తలు కొన్ని చెప్పక తప్పదు. పాటలు పాడే గ్రీటింగు కార్డులను పిల్లల చేతికి కత్తిరించడానికి ఇవ్వకండి. లోపల గుండ్రని బటన్ బ్యాటరీ ఉంటుంది. పసిపిల్లవాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటలలోపే లోపలి కండను కాల్చగలదు. ఈ బ్యాటరీల విషయమై 2022లో ఈ దేశంలో ప్రత్యేక చట్టమే వచ్చింది. మింగాడని అనుమానం కలిగితే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి, వాంతి చేయించరాదు. ఏడాది నిండిన బిడ్డ మింగగలిగితే దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తేనె పనికిరాదు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు.

దుకాణంలో ఇచ్చే నున్నని రసీదులను గుజ్జులో వేయవద్దు. వాటిలో చాలావాటిపై బిస్ఫినాల్ రసాయనాల పూత ఉంటుంది. థర్మోకోల్‌ను వేడితీగతో కోస్తే వచ్చే పొగ పీల్చరాదు. వార్తాపత్రికతో చేసిన బుట్టలో పండ్లు, గాజులు పెట్టుకోండి గాని వేడి గారెలు పెట్టవద్దు. సిరా ఆహారానికి అంటుతుంది. మెంతులు పప్పుజాతివి గనుక వేరుశెనగ పడనివారికి కొందరికి ఇవి కూడా పడవు, ముందు అడగండి. మన చలికాలపు ఎండకు గుజ్జు ఆరదు, బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న ఇంటిలో అది ప్రమాదం. పలుచగా పూసి ఫ్యాను కింద ఆరబెట్టండి. గ్లూ గన్ చేతిని కాలిస్తే అంటుకున్న జిగురును పీకకుండా ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీటి కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా పూయడం మన పెద్దల పద్ధతి. ఇందులో మాత్రం వారిని అనుసరించవద్దు.

దేవుని బొమ్మల సంగతి చాలామంది అడిగారు. శుభలేఖ మీద వినాయకుడు, అగరుబత్తి పెట్టె మీద లక్ష్మీదేవి, బియ్యం సంచి మీద సైతం ఎవరో ఒక దేవత. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే జాతి మనది. చెత్తలో వేయడానికి చేయి రాదు, అందుకే అవన్నీ తెచ్చి మన ఆలయపు గుమ్మం పక్కన పెట్టి పోతున్నారు. కార్యాలయంలో వాటి దొంతర నడుమెత్తు పెరిగింది. స్వామివారిని అడిగాను. బొమ్మను శుభ్రంగా కత్తిరించి, పిల్లల పలుకుబడి కార్డులుగానో, పూజగది పటాలుగానో, అలంకారానికో వాడుకోవడంలో దోషం లేదని, కాలికింద పడే వస్తువుకు, ఎంగిలి తగిలేదానికి వాడరాదని సెలవిచ్చారు. నాకు అది సబబుగా తోచింది. శుభలేఖల అట్ట గట్టిది, అంచున బంగారు పూత. ఒక్కొక్క కార్డు నుండి రెండు మూడు దశావతారాల చీట్లు వస్తాయి.

ఈ దసరాకు మన భోజనశాలలో తొమ్మిది మెట్ల బొమ్మల కొలువు పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. మెట్లు కొనడం లేదు. ప్రసాదానికి వచ్చే అరటిపండ్ల పెట్టెలతోనే కడుతున్నాము. అట్టలోని గీతలు నిలువుగా ఉండేటట్లు నిలబెడితే బరువు మోస్తుంది, అడ్డంగా ఉంటే కుంగుతుంది. ఈ ఒక్క సూత్రం తప్పకుండా పాటించాలి. పై మెట్లమీద పెద్దల ఇళ్ళనుండి వచ్చే కొండపల్లి బొమ్మలు. కింది వరుసలో మన పిల్లలు అగ్గిపెట్టెలు, టీపొడి పెట్టెలతో చేసే ఊరు. పెరుగు డబ్బాల మూతలలో మన్ను పోసి ఆవాలు చల్లితే అయిదారు రోజులలో పొలాలు పచ్చబడతాయి.

వచ్చే ఆదివారం అభిషేకం తరువాత, మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనశాలలో కూడుకుంటున్నాము. అట్టపెట్టెలు, శుభలేఖలు, మెరుపులేని పాత కాగితాలు తెచ్చి పాదరక్షల గది పక్కనున్న బల్లపై ఉంచండి. మందుసీసాలు తెస్తే పేరున్న కాగితం చింపి తెండి. కడగని డబ్బాలు తేవద్దు. మీ అమ్మగారిని, అత్తగారిని, తాతగారిని తప్పక వెంటబెట్టుకుని రండి. పొట్లం కట్టడం నేర్పడానికి కనీసం ఆరుగురు కావాలి, ఇంతవరకు ఇద్దరే పేరిచ్చారు. మెంతులు నేను నానబెట్టి తెస్తాను.