వడదెబ్బకి పారాసిటమాల్ ఎందుకు పనిచేయదు?

పోయిన మే నెలలో ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. ఒళ్ళు కాలిపోతోంది. ఫ్రెండ్ ఒకడు "జ్వరంరా, టాబ్లెట్ వేసుకో" అని పారాసిటమాల్ ఇచ్చాడు. నేనూ వేసుకున్నాను. బీటెక్ చదివిన మా ఇద్దరికీ తెలియని విషయం ఏంటంటే, ఆ టాబ్లెట్‌కీ ఎండ వేడికీ సంబంధమే లేదు.

బయట 44 డిగ్రీలున్నా మన లోపల సుమారు 37 దగ్గరే ఉండాలి. ఇలా లోపలి పరిస్థితిని నిలకడగా ఉంచుకోవడానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టింది అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్, 1926లో. ఇందులో మూడు టీములు పనిచేస్తాయి.

మొదటిది నరాలు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. మన ఏసీలో థర్మోస్టాట్ లాంటిది. రక్తం వేడెక్కిందని తెలియగానే రెండు ఆర్డర్లు పంపిస్తుంది: చర్మంలోని రక్తనాళాలు వెడల్పు అవ్వాలి, చెమట పట్టాలి. గుర్తుపెట్టుకోండి, చెమట కారితే కాదు, ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. విశాఖ ఉక్కపోతలో అంత ఇబ్బంది అందుకే.

రెండోది రక్తప్రసరణ. లోపలి వేడిని రక్తమే చర్మం దాకా మోసుకొస్తుంది. అందుకే గుండె వేగం పెరుగుతుంది. కానీ చెమటతో నీళ్ళు పోయేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది, బీపీ పడిపోతుంది, మెదడుకి రక్తం చాలదు. నాకు కళ్ళు తిరిగింది ఇక్కడే.

మూడోది హార్మోన్లు. నీళ్ళు బయటికి వదలొద్దని ఏడీహెచ్, ఉప్పు వదలొద్దని ఆల్డోస్టిరోన్ కిడ్నీలకి చెప్తాయి. ఎండలో తిరిగిన రోజు యూరిన్ ముదురు పసుపు రంగులో వచ్చేది అందుకే.

ఇప్పుడు అసలు పాయింట్. జ్వరంలో థర్మోస్టాట్ సెట్టింగే పైకి జరుగుతుంది, 37 బదులు 39 అని. పారాసిటమాల్ ఆ సెట్టింగ్‌ని కిందికి దించుతుంది. వడదెబ్బలో సెట్టింగ్ కరెక్ట్‌గానే ఉంటుంది, కూలింగ్ చేతులెత్తేస్తుంది. మరి టాబ్లెట్ దేన్ని దించాలి? పైగా వడదెబ్బలో లివర్ కూడా దెబ్బతినొచ్చు. అప్పుడు పారాసిటమాల్ దానికి ఇంకో భారం.

నాది అదృష్టం, నీడలో పడుకుని ఓఆర్ఎస్ తాగితే సర్దుకుంది. స్పృహ ఉండి, మాట సరిగ్గా ఉంటే ఓఆర్ఎస్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ ఇవ్వండి. ఉత్త నీళ్ళే తాగితే పోయిన ఉప్పు తిరిగి రాదు.

కానీ ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే, పొంతన లేకుండా మాట్లాడుతుంటే, స్పృహ తప్పితే అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యం వద్దు. వెంటనే 108కి కాల్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు నీడకి తీసుకెళ్ళి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గాలి విసరండి. చంకల్లో, మెడ దగ్గర ఐస్ పెట్టండి. నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు.

ఇంకో మాట. వయసు పెరిగితే దాహం తక్కువగా తెలుస్తుంది. అందుకే అమ్మమ్మ, తాతయ్య అడిగేదాకా ఆగకండి, మీరే గ్లాసు చేతికివ్వండి. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక్కసారి షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ ఎండలో జాగ్రత్త!