ఒక నవల – పలువురు పాఠకులు

ఒకే పుస్తకమును చదివి ఒకరు కన్నులు తుడుచుకొనుటయు, వేరొకరు విసుగుతో మూసివేయుటయు క్రొత్త సంగతి కాదు. అయితే మూసివేసినవారు అది విశ్వాసులు చదువరాని గ్రంథమనియు, కన్నులు తుడుచుకొన్నవారు అది లేకున్నచో తాము దేవునికి దూరమైపోయి యుండెడివారమనియు చెప్పునపుడు, దానిని వట్టి రుచిభేదమని కొట్టివేయుటకు వీలులేదు. విలియం పాల్ యంగ్ రచించిన ‘ది షాక్’ అను ఆంగ్లనవల విషయమున ఇదియే జరిగినది. షాక్ అనగా ఇచట అదురుపాటు కాదు. అడవిలో పాడుపడిన చిన్న పాక. మా పఠనగోష్ఠిలో ఈ నవలను చదివి మూడు సాయంకాలములు వాదించుకొంటిమి. ఆ వాదమునే నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

పుస్తకము పుట్టిన తీరే విచిత్రము. యంగ్ 1955లో కెనడా దేశమున జన్మించెను. తలిదండ్రులు మిషనరీలగుటచే బాల్యము న్యూగినీ ద్వీపమున గడచెను. ఆ బాల్యమున తాననుభవించిన లైంగిక హింసను గాని, పెద్దవాడైన పిదప తన కాపురమునకు తానే తెచ్చిపెట్టిన చేటును గాని అతడు దాచుకొనలేదు. భార్య కోరికపై తన పిల్లల కొరకు ఈ కథ వ్రాసి, 2005 క్రిస్మస్ పండుగకు 15 ప్రతులు మాత్రము తీయించి పంచిపెట్టెను. మిత్రులు చదివి ప్రచురణకర్తల కడకు పంపగా ఎవ్వరును ముందుకు రాలేదు. తుదకు ఆ మిత్రులే చిన్న సంస్థ నొకటి నెలకొల్పి 2007లో అచ్చువేసిరి. 2008 జూన్ మొదలు 2010 ప్రారంభము వరకు న్యూయార్క్ టైమ్స్ పత్రికవారి నవలల పట్టికలో, కాగితపు అట్ట ప్రతుల వరుసలో, ఇది అగ్రస్థానమున నిలిచెను. కోటికి పైగా ప్రతులు అమ్ముడైనవి. 2017లో చలనచిత్రముగా కూడ వచ్చినది.

కథ సంగ్రహముగా ఇది. మాక్ అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రవాసి. ముగ్గురు బిడ్డలతో ఒక సరస్సు చెంత విడిదిచేసి యుండగా, నీటిలో పడవ తలక్రిందులగును. కుమారుని రక్షింప అతడు పరుగెత్తిన ఆ కొద్దిసేపటిలోనే చిన్నకూతురు మిస్సీని ఒక దుర్మార్గు డెత్తుకొనిపోవును. కొండలలోని ఒక పాకలో నెత్తుటి మరకలుగల ఆమె గౌను దొరకును, దేహము దొరకదు. కొన్నేండ్లకు, ఆ పాకకు రమ్మని ‘పాపా’ అను సంతకముతో మాక్‌నకు ఒక చీటి వచ్చును. మన భాషలో పాప యన్న పసిబిడ్డ; ఇచట తండ్రి. అది అతని భార్య దేవునికి పెట్టుకొనిన పిలుపు. అతడు వెళ్లగా తలుపు తెరచుకొని ఎదురువచ్చి కౌగిలించుకొనునది ఒక నల్లజాతి స్త్రీ. వంటలు చేయుచు, పాటలు వినుచు నుండు ఆమెయే తండ్రియైన దేవుడు. వడ్రంగి పనివాని రూపున యేసు, తోటపని చేయు ఆసియా స్త్రీ రూపున పరిశుద్ధాత్మ కనబడుదురు. పరిశుద్ధాత్మ పేరు సరయు! అయోధ్య చెంత పారు నదిపేరును ఆరెగన్ కొండలలో వినిన తెలుగు పాఠకుడు ఒక్కసారి పుట తిరగవేసి చూచుకొనును. అయితే సంస్కృతమున ఆ పదమునకు గాలి యను అర్థమును కలదు. హెబ్రీ భాషలో గాలికిని ఆత్మకును ఒకే పదము. పేరు ఊరక పెట్టినది కాదు.

మా గోష్ఠిలో మొదట లేచిన ఆక్షేపణ ఈ స్త్రీరూపమును గూర్చియే. తరతరములుగా తండ్రీ యని ప్రార్థించుట కలవడినవారికి ఇది ముల్లువలె గుచ్చుకొనుట సహజము. కాని ఈ ఆక్షేపణలో బలము తక్కువ యని మా తీర్పు. యెషయా గ్రంథము 66వ అధ్యాయమున దేవుని ఆదరణ తల్లి ఆదరణతో పోల్చబడినది. లూకా సువార్త 15వ అధ్యాయమున పోయిన నాణెమునకై ఇల్లూడ్చి వెదకు స్త్రీ కథ ఉన్నది. అదిగాక మాక్ తండ్రి త్రాగి కొట్టినవాడు. తండ్రి యన్న మాట వినిననే అతనికి ఒడలు బిగియును. చివరిదినమున, కూతురి దేహమున్న గుహకు నడిపింపవలసిననాడు, పాపా పురుషరూపముననే వచ్చును. నాడతనికి తండ్రి కావలసియుండెను.

పండితుల ఆక్షేపణ లింతకంటె లోతైనవి. బైబిలును వాడుకభాషలోనికి తెచ్చిన యూజీన్ పీటర్సన్ ఈ నవలను బన్యన్ రచించిన ‘యాత్రికుని ప్రయాణము’తో పోల్చి మెచ్చుకొనెను. సదరన్ బాప్టిస్టు దైవశాస్త్ర విద్యాలయాధ్యక్షుడు ఆల్బర్ట్ మోలర్ మాత్రము ఇందలి బోధ క్రైస్తవ సిద్ధాంతమునకే విరుద్ధమనెను. రచయితను స్వయముగా నెరిగిన ఆచార్యుడు జేమ్స్ డియంగ్ 2010లో దీనిని ఖండించుచు గ్రంథమే వ్రాసెను. వారి భయమంతయు తీర్పును గూర్చి. నవలలోని దేవుడు పాపమునకు శిక్ష విధింపడు. పాపమే దాని శిక్ష యనును. అటులైన నరకమెక్కడ, న్యాయమెక్కడ? ఈ శంక నిరాధారము కాదు. తుదకు అందరును రక్షణ పొందుదురను భావమును యంగ్ 2017లో ప్రకటించిన వేరొక గ్రంథమున తేటగా వెల్లడించెను.

మాలో ఉద్యోగవిరమణ చేసిన పాదిరి అయ్యగారొకరు కలరు. మొదటి సాయంకాలము ఆయన వ్రాసికొని వచ్చిన తప్పుల పట్టిక నాలుగు పుటలు. ఆయనయే రెండవనాడు ఒక ఘట్టమును మాకు గట్టిగా చదివి వినిపించెను. జ్ఞానము స్త్రీరూపమున కూర్చుండి మాక్‌ను న్యాయపీఠ మెక్కుమనును. నీ అయిదుగురు బిడ్డలలో ఇద్దరిని స్వర్గమునకు, ముగ్గురిని నరకమునకు ఏర్పరచుమనును. తనపై కోపించిన కూతురు, తన్ను మోసగించిన కుమారుడు – ఎవరిని పంపును? అతడు పెనుగులాడి, కడపట తన్నే పంపుమని బ్రతిమాలుకొనును. చదువుచు చదువుచు అయ్యగారి గొంతు ఆగిపోయినది. “సిలువను గూర్చి నేను చెప్పిన ప్రసంగములలో ఇంత సూటిగా చెప్పినది లేదు” అని ఆయన పుస్తకము క్రింద పెట్టెను. నాలుగు పుటల తప్పులను మాత్రము వెనుకకు తీసికొనలేదు.

నవలగా చూచినచో లోపములు మెండు. కథ నడచినంతసేపు ఊపిరి బిగబట్టి చదివింతుము. పాకలో సంభాషణలు మొదలైనంతనే పాత్రలు ప్రశ్నలడుగుట, దేవుడు పాఠము చెప్పుట. వంటకముల నడుమ వడ్డించినంతమాత్రమున పాఠము పాఠము కాకపోదు.

మూడవ సాయంకాలమున అంతవరకు మాటాడని ఒక తల్లి పెదవి విప్పినది. జ్వరమున పదేండ్ల కుమారుని పోగొట్టుకొనినది. ఈ నవల ఆమెవంటి వారికొరకే గదా యని మేమనుకొనియుంటిమి. ఆమె అభిప్రాయము వేరు. “జలపాతము తెర వెనుక మాక్‌నకు కూతురు ఆడుకొనుచు కనబడినది. దేహము దొరకినది. హంతకుడును పట్టుబడినాడు. అయ్యా, నా కెవ్వరును ఏ తెరయు తీసి చూపలేదే! చూడనివారికి ఈ పుస్తకమున ఏమున్నది?” అని అడిగినది. పండితుల తప్పుల పట్టికలలో ఈ తప్పు లేదు. సిద్ధాంతము తెలిసినవారమనుకొనిన మాకెవ్వరికిని సమాధానము తోచలేదు. అయ్యగారు తలవంచుకొని, “అమ్మా, మాక్ కంటె యోబు నీకు దగ్గరవాడేమో” అని మాత్రమనిరి.

లేచి వెళ్లునపుడు ఆమె మా ఉమ్మడి ప్రతిని అడిగి తీసికొనిపోయినది. న్యాయపీఠపు ఘట్టము మరొకసారి చదువవలెనన్నది. ఆ ప్రతి ఇంకను మాకు తిరిగి రాలేదు, మేమును అడుగలేదు.