రాకెట్ల తీరంలో ఏ నవల చదవాలి?

శ్రీహరికోట జిల్లా మారినా, 1971 నుంచి అక్కడ ఎగిరే రాకెట్లకు అలవాటుపడ్డ తీరం మన నెల్లూరుది. ఇక్కడ నలుగురు కలిసి సైన్స్ ఫిక్షనో, ఫాంటసీయో చదువుదామనుకుంటే, విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’తో మొదలుపెట్టమంటాను. గుర్రపు తల గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. అతనేమిటో అక్కడి శాస్త్రజ్ఞులకు అంతుపట్టదు. చిన్న పుస్తకమే, కానీ ఎవరి జ్ఞానం గొప్పదన్న దగ్గర సభ్యులు రెండు జట్లవుతారు. వాదన పుట్టించని నవల బృందానికెందుకు చెప్పండి? తర్వాత యండమూరి ‘చీకట్లో సూర్యుడు’, ఆపైన వెల్స్ 1895 నాటి ‘ది టైమ్ మెషీన్’. పిల్లలూ వస్తామంటే దాసరి సుబ్రహ్మణ్యం చందమామ సీరియల్ ‘తోకచుక్క’ ఉండనే ఉంది. పేరు ఖరారు చేసేముందు మాత్రం అందరికీ సరిపడా ప్రతులు దొరుకుతాయేమో కనుక్కోండి.