నోరు విప్పితే బరువు తగ్గుతుంది



కర్నూలు, కడప మెట్ట పల్లెల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "ఏం జేస్తాం, మన రాత ఇంతే." బోరు ఎండుతుంది. బుడ్డల చేను వాడుతుంది. అప్పు పెరుగుతుంది. మనిషి మాత్రం నోరు విప్పడు.

రాత్రి నిద్ర పట్టదు. ముద్ద దిగదు. పలకరించినా పలకడు. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే, అది పిరికితనం కాదు. కుంగుబాటు కావచ్చు. జ్వరానికి మందున్నట్టే దీనికీ వైద్యం ఉంది.

అలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే పక్కన కూర్చోండి. సంగటి ముందు పెట్టి, "ఏమైంది నాయనా?" అని అడగండి. బుద్ధులు చెప్పొద్దు. వినండి. బతకాలని లేదన్నాడా? ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బా అందకుండా తీసేయండి.

వెంటనే ఫోను చేయండి. టెలీ మానస్, 14416. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఇది. పైసా ఖర్చు లేదు. పగలైనా రాత్రైనా తెలుగులో మాట్లాడొచ్చు. కర్నూలు, కడప పెద్దాసుపత్రుల్లోనూ మానసిక వైద్యం ఉంది.

నంబరు మరోసారి చెబుతున్నాను. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. గోడ మీద రాసుకోండి. కష్టాన్ని ఒక్కరే మోయొద్దు. నోరు విప్పి చెప్పండి.