బిడ్డ వద్దకు పోవు బడి
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



పేదబిడ్డల బడి దేనివలన బాగుపడునని మీలో కొందరు మమ్ము అడిగిరి. క్రొత్త గదులు చూపుట సులభము. కాని మా చూపు హాజరుపట్టీమీదనే యుండును.

మన సీమలోనే దీనికొక దృష్టాంతమున్నది. నాడు గంజాం జిల్లాలోనిదైన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఉపాధ్యాయులుగా నుండిరి. సవరల పిల్లలకు చదువు చెప్పదలచి, ముందుగా తామే వారి భాష నేర్చుకొనిరి. అందులో వాచకములు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టిరి. (వారు వాడుకభాషా పక్షపాతులు, మా యీ గ్రాంథికము విన్నచో మందలించెడివారే!)

ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధించు వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము రాష్ట్రములకు చెప్పుచున్నది. అయినను చట్టము వచ్చి బిడ్డను ఇంటినుండి పిలుచుకొని పోదు.

తండ్రి సూరత్తు మరమగ్గములకు పోయినప్పుడు, తల్లి కూలికి పోవును; పెద్దపిల్ల చంటివానితో ఇంట నిలిచిపోవును. పది దినములలో భిన్నములు దాటిపోవును, తరువాత సిగ్గు, ఆ పైన బడియే మానుట. మేమొకప్పుడు అట్టి పిల్ల రాకుండుటను మూడు వారములకుగాని గమనింపలేదు. ఆమె మరల రాలేదు. ఆ తప్పు మాది.

ఇప్పుడు రెండవనాడే మీ యింటికి వచ్చుచున్నాము, విసుగుకొనకుడు. మీకు చదువు రాకున్నను, రాత్రి బిడ్డచేత ఒక పుట చదివించి వినుడు. ఒడియా, ఇంగ్లీషు కూడ రావలసినవే. తెలుగు చదువుట పట్టుబడిన బిడ్డకు అవి త్వరగా పట్టుబడుట మేము చూచుచున్నాము. చంటివాని మాటయా? అక్కతోనే పంపుడు. వరండాలో చాప పరచి యుంచెదము.