కంటికి కానరాని వర్తకుడు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో సంత మీ కనుసన్నలలోనే జరుగుచున్నది. స్థలము మీరు చూపుదురు, ఆశీలు మీరు వసూలు చేయింతురు. తూకములో మోసము జరిగినచో కొన్నవాడు మరుసటి వారము అదే చెట్టు క్రింద అదే వర్తకుని నిలదీయును. ఆ వర్తకుని పేరే కాదు, తండ్రి పేరు కూడ మీకు తెలిసియుండును. ఇప్పుడు అంతకంటె పెద్ద సంత యొకటి ప్రతి యింటను, చేతిలోని ఫోనులో వెలసినది. దానికి చెట్టు లేదు, ఆశీలు లేదు, వర్తకుని ముఖము అసలే లేదు. అందు నష్టపోయినవారు ఎవరిని అడుగవలెనో తెలియక మిన్నకుండుచున్నారు. నేడు మేము మాటలాడదలచినది ఈ విషయమును గూర్చియే.

మొన్నటి పర్యటనలో ఒక రైతు మాకు తన సంగతి చెప్పెను. ఆయన బ్యాటరీతో నడచు మందు పిచికారీ యంత్రమును ఫోనులో చూచి 3,200 రూపాయలకు తెప్పించుకొనెను. వానల వలన కొన్ని దినములు పెట్టె విప్పలేదు. విప్పిన రెండవ దినముననే యంత్రము ఆగిపోయెను. తిరిగి పంపుదమన్నచో గడువు దాటినదని జవాబు వచ్చినది. "మేము అంగడి మాత్రమే, సరుకు వేరొకరిది" అని కూడ అన్నారట. ఆ వేరొకరి చిరునామా మాత్రము చెప్పలేదు. ఈలోపల పైరుకు పురుగు పట్టినది. "పోనిండు, మూడు వేల కొరకు కోర్టుల చుట్టు తిరుగుదునా?" అని ఆయన మమ్మడిగెను. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి చట్టము తీసి చదివితిమి. ఆ సమాధానమును నేడు మీకు ఒప్పగించుచున్నాము.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019లో క్రొత్త చట్టము చేయబడి, 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఫోను ద్వారా కొన్నను, కంప్యూటరు ద్వారా కొన్నను కొన్నవాడు వినియోగదారుడేయని అందు స్పష్టముగా వ్రాయబడినది. వ్యాపారము కొరకు కొన్నవారికి ఈ చట్టము వర్తించదు గాని, స్వయముగా కష్టించి జీవనము గడుపుకొనుటకు కొన్నవారికి వర్తించును. రైతు సంగతి ఏమని సందేహింప బనిలేదు. చెడు విత్తనముల విషయమున మన ఆంధ్ర రైతులు జాతీయ విత్తనముల సంస్థపై తెచ్చిన వ్యాజ్యములలో 2012 జనవరిలోనే సుప్రీము కోర్టు రైతు వినియోగదారుడని తీర్పు చెప్పినది. విత్తనమంతయు చేనిలో చల్లినవాడు పరీక్ష కొరకు గింజలు దాచియుంచవలెననుట తగదనియు అందు చెప్పినది. ఈ తీర్పు మన రైతులు సంపాదించి దేశమునకంతకు ఇచ్చినదని చెప్పుకొనుటకు మాకు గర్వముగా నున్నది.

ఇక "మేము అంగడి మాత్రమే" అను మాట. 2020 జూలై 23న కేంద్ర ప్రభుత్వము ఆన్‌లైన్ వర్తకమునకు ప్రత్యేక నియమములు ప్రకటించినది. వాని ప్రకారము ప్రతి సంస్థయు ఒక ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆయన పేరును, ఫోను నెంబరును తన పుటలో చూపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, ఒక నెలలో పరిష్కరింపవలెను. ఇతరుల సరుకును తన వేదికపై అమ్మించు అంగడి ప్రతి ఫిర్యాదుకును ఒక సంఖ్య ఇయ్యవలెను. కొన్నవారు వ్రాతపూర్వకముగా కోరినచో అమ్మినవాని చిరునామాను ఇచ్చి తీరవలెను. కావున మన రైతునకు చిరునామా ఇయ్యకుండుట వర్తకుల వాడుక కాదు, నియమోల్లంఘనము.

అన్నిటికంటె ముఖ్యమైన మార్పు వేరొకటి కలదు. పూర్వము అవతలి పక్షమువారు నివసించు చోటనో, వ్యాపారము చేయు చోటనో, వివాదము పుట్టిన చోటనో మాత్రమే వ్యాజ్యము వేయవలసియుండెడిది. ఇప్పుడు కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే, జిల్లా వినియోగదారుల కమిషను ఎదుట ఫిర్యాదు చేయవచ్చును. ముఖము లేని వర్తకుడు ఎంత దూరమున నున్నను మన జిల్లా కేంద్రమునకు జవాబు చెప్పుకొనవలసినదే. వస్తువు వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. వకీలును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. ఫిర్యాదునకు కారణము కలిగిన నాటినుండి రెండేండ్ల గడువున్నది. ముందుగా 1915 నెంబరునకు ఫోను చేసి చెప్పుకొన్నచో పెక్కు తగవులు కమిషనుదాక పోకయే తీరును. అయితే ఒక మాట దాచరాదు. మూడు నెలలలో, పరీక్ష అవసరమైనచో అయిదు నెలలలో తీర్పు చెప్పుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నను, అన్ని వ్యాజ్యములును అట్లు తీరుచున్నవని మేము చెప్పజాలము. ఓపిక కావలయును.

సరుకు మాట యటుంచి సొమ్ము మాటకు వత్తము. ఖాతాదారునకు తెలియకయే ఖాతాలోని సొమ్ము పోవుటయు కలదు. ఈ విషయమున రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న వాణిజ్య బ్యాంకులకును, గ్రామీణ బ్యాంకులకును ఒక ఆదేశము జారీచేసినది. తప్పు బ్యాంకుదైనచో నష్టమంతయు బ్యాంకుదే. తప్పు ఇరువురిదియు కాక మూడవవాని మోసమైనచో, బ్యాంకునుండి వర్తమానము అందిన పిమ్మట మూడు పనిదినములలోపల తెలిపిన ఖాతాదారునకు నష్టము లేదు. నాలుగునుండి ఏడు పనిదినములలో తెలిపినచో, జనధన ఖాతావంటి ప్రాథమిక పొదుపు ఖాతాలకు 5,000 రూపాయలు, ఇతర పొదుపు ఖాతాలకు 10,000 రూపాయలకు మించి ఖాతాదారునిపై పడదు. ఏడు దినములు దాటినచో ఆ బ్యాంకు నిర్ణయించుకొన్న విధానమును బట్టి జరుగును. తప్పు ఖాతాదారునిదేయని రుజువు చేయు భారము కూడ బ్యాంకుపైననే యుంచబడినది.

కాని రహస్య సంఖ్యను తానై ఇతరులకు చెప్పినవానికి ఈ రక్షణ లేదు. బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టమంతయు అతడే భరింపవలెను. తెలిపిన తరువాత పోయినది మాత్రము బ్యాంకు భరింపవలెను. అందుచేత పరువు పోవునని దాచుకొని కూర్చుండుట మిక్కిలి హాని. తోడనే బ్యాంకునకును, 1930 నెంబరునకును చెప్పవలెను. మరియొక సంగతి మీ ఊరి ఆడవారికి ప్రత్యేకముగా తెలుపుడు: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పనియే లేదు. పిన్ నొక్కుమని ఎవరన్నను అది ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. బ్యాంకువారు ఫిర్యాదును త్రోసిపుచ్చినను, 30 దినములలో జవాబియ్యకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండ వ్రాసుకొనవచ్చును.

గంపలో మనము కోరని సరుకును మెల్లగా చేర్చి డబ్బు లాగు అంగడులు కూడ కలవు. సంతలో అట్టివానిని దొంగ యందుము. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇట్టి 13 మాయోపాయములను పేర్కొని నిషేధించినది. చెల్లించుటకు ముందు మొత్తము సరిచూచుకొనుడని మాత్రము చెప్పి దీనిని విడుచుచున్నాము.

ఇందు పంచాయతీ చేయగలిగిన దేమి? తీర్పు చెప్పు అధికారము మీకు లేదు. అయినను సాక్ష్యమును, దినములను కాపాడగలరు. గ్రామములలో ఫిర్యాదులు ఓడిపోవునది న్యాయము లేక కాదు, కాగితము లేక. పెట్టెపైని చీటి పొయ్యిలోనికి పోవును, ఫోనులోని బిల్లు చెరిపివేయబడును, ఏ తేదీన ఏమి జరిగెనో మరచిపోవుదురు. పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకము పెట్టి, వచ్చినవాని పేరు, కొన్న తేదీ, ఆర్డరు సంఖ్య, ఫిర్యాదు చేసిన తేదీ వ్రాసియుంచుడు. చదువుకొన్న యువకుడొకడు ఫోనులోని బిల్లును, సంభాషణను కాగితముపై అచ్చు తీసి ఇచ్చినచో మరియు మేలు. 1915, 1930 అను సంఖ్యలను పెద్ద అక్షరములతో గోడపై వ్రాయింపుడు. గ్రామసభలో పన్నుల సంగతి అయిన తరువాత పది నిమిషములు దీనికి కేటాయింపుడు.

మా రైతు సంగతి చెప్పి విరమించెదము. యంత్రము వచ్చిన పెట్టెను ఆయన ఎప్పుడో తగులబెట్టెను. అయితే ఫోనులో బిల్లు మిగిలియున్నది, తిరిగి తీసుకొనమని వారు పంపిన జవాబు కూడ మిగిలియున్నది. రెండేండ్ల గడువులో ఇంకను పదునాలుగు నెలలు కలవు. వచ్చు వారము ఆ గ్రామమునకు మరల పోవుచున్నాము. ఫిర్యాదు కాగితము వ్రాయునప్పుడు ప్రక్కన కూర్చుండుటకు ఆ ఊరి సర్పంచుగారు ఒప్పుకొనియున్నారు.